గడ్డివామి నిలబెట్టిన పాడి

మొన్న తెనాలిలో మా అన్నయ్య మనవరాలి ఓణీల వేడుక చూసుకుని రేపల్లె బస్సులో తిరిగి వస్తుంటే, వేమూరు దాటాక కిటికీలోంచి గుప్పున పొగ కొట్టింది. కోత మిషను వదిలిపోయిన వరిగడ్డికి ఎవరో పొలంలోనే నిప్పు పెట్టారు. పక్క సీటులో అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ ఫోనులో పడిపోయింది గాని, నాకు మాత్రం ఎవరో వండిన అన్నం తీసుకెళ్లి పొయ్యిలో పోస్తున్నట్టు అనిపించి ప్రాణం ఉసూరుమంది. గేదెలున్న ఇంట్లో కాపురం చేసిన మన వయసు వాళ్లకు ఈ మాట వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

నిజానికి నేను పల్లెటూరి పిల్లను కాను. మా నాన్నకు తెనాలి స్టేషను దగ్గర చిన్న టిఫిన్ హోటలు ఉండేది. ఇడ్లీల కోసం నానబెట్టిన మినుములు కడిగితే తేలే పొట్టును మా అమ్మ ఏనాడూ పారబోసింది లేదు. వెనక వీధిలో గేదెలున్న ఆవిడ రోజూ వచ్చి దాన్ని బకెట్లో పట్టుకెళ్లి, బదులుగా చెంబుడు పాలు ఇచ్చి పోయేది. ఆ పాలతోనే మా ఇంటిల్లిపాదికీ కాఫీలు. పొట్టు పాలవుతుందన్న సంగతి నాకు పాడి అంటే ఏమిటో తెలియకముందే తెలుసు.

అత్తవారిది రేపల్లె వైపు నగరం అనే ఊరి పక్కన పల్లె. మూడు గేదెలు. మావయ్యగారికి అవంటే ప్రాణం, అందులోనూ నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క అంటే మరీను. మంచి దాణా అంటే కొట్లో కొన్న దాణాయేనని ఆయన నమ్మకం, అందుకని రేపల్లె నుంచి బస్తాలు బండి మీద దిగుతూనే ఉండేవి. పాలిచ్చేదానికీ, వట్టిపోయినదానికీ ఒకే కొలత. తేడా చూపితే కన్నబిడ్డల మధ్య చూపినట్టేనని బాధపడేవారు. ఇటు చూస్తే మా పొలంలో గడ్డిని కోత కాగానే బేరగాడికి వదిలేసేవారు, మినుము నూర్చిన పొట్టు కళ్లంలో గాలికి ఎగిరిపోయేది, గొడ్ల చావిడి కడిగిన నీళ్లు పెరటి వెనక మురుగుకాలవలో కలిసేవి, పేడ అడిగినవాళ్లల్లా తట్టలతో పట్టుకుపోయేవారు. కొత్త కోడలిని కదా, ఏడాది పొడుగునా నోరు మెదపకుండా చూస్తూ ఊరుకున్నాను.

మరుసటి కార్తీకంలో దాణా ధర బాగా పెరిగింది. పాల డబ్బంతా దాణా కొట్టుకే పోతోందని, గేదెల్ని అమ్మేసి మా ఆయన్ని తెనాలిలో బియ్యం మిల్లు పనికి పంపాలని మావయ్యగారు నిర్ణయించారు. బేరగాళ్లు వచ్చి చుక్క నోరు తెరిచి పళ్లు చూస్తున్నారు. వంటింట్లో మా అత్తగారు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లేది పాలు పితకడం, పోయడం దగ్గర మాత్రమే. నాకు ఎక్కడ నుంచి వచ్చిందో ధైర్యం, వసారాలోకి వెళ్లిపోయాను.

“మావయ్యగారూ, ఈసారి గడ్డి అమ్మకుండా మన వామిలో వేయించండి. ఒక్క ఏడాది చూద్దామండి. అప్పటికీ పాడి నిలవకపోతే అమ్మేద్దురుగాని.”

“తెనాలిలో పాలు కొనుక్కు తాగినదానివి, గేదెల సంగతి నీకేంటి తెలుసమ్మాయ్?” అన్నారు ఆయన, కోపంకన్నా ఆశ్చర్యంతో.

అప్పుడు మా అత్తగారు లోపలి నుంచే అన్నారు, “దానికి తెలియకపోతే నాకు తెలుసుగా. మేమిద్దరం చూసుకుంటాం.” కాపురానికి వచ్చాక ఆవిడ ఆయనకు ఎదురు చెప్పిన మొదటి మాట అదేనట. బేరగాళ్లు ఖాళీ పలుపులతో వెళ్లిపోయారు.

బాపట్లలో ఉన్న మా ఆడపడుచుకు కబురు పంపితే, ఆవిడ గోనెసంచి నిండా పారాగడ్డి కాడలు కుక్కుకుని బస్సెక్కింది. నీళ్లు నిలిచిన చోటే ఏపుగా పెరిగే గడ్డి అది. చావిడి నీళ్లు పోయే దారంతా ఆ కాడలు గుచ్చాం. వరి కోయకముందే తడి చేలో పిల్లిపెసర విత్తనాలు చల్లించాం, కోతలయ్యాక పశువులకు పచ్చిమేతగా వస్తుందని. కోసిన వరిగడ్డి పరక కూడా అమ్మకుండా పెరట్లో వామి వేయించాం. పేడ ఊళ్లోకి పోనివ్వకుండా దిబ్బగా వేసి మేతకే ఎరువు చేశాం. దాణా మాత్రం పాలను బట్టి కొలవడం మొదలుపెట్టాం. చూడి గేదెకు లోటు రానిచ్చింది లేదు.

అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం. దాణా తగ్గగానే చుక్క కుడితి తొట్టిలో మూతి పెట్టకుండా అలిగింది, పాలు పడిపోయాయి. మావయ్యగారు దాని పక్కన నిలబడి, “నా గేదె కడుపు మాడుస్తున్నారు మీరు,” అని ఆ పూట అన్నం ముట్టలేదు. మా అత్తగారు మాత్రం చలించలేదు. పచ్చిమేతను చిన్నగా కోసి ఎండుగడ్డిలో కలిపి, ఈసారి కళ్లంలో పోగుచేసుకున్న మినప పొట్టు పైన చల్లి, తన చేత్తో ముద్ద ముద్దగా చుక్క నోటికి అందించారు. కొన్నాళ్లకు అది మా అడుగుల చప్పుడు వింటే మెడ చాచడం మొదలుపెట్టింది, పాలు మళ్లీ మామూలుకు వచ్చాయి.

మామూలుకే వచ్చాయి, పొంగిపొర్లిందేమీ లేదు. కానీ బండి రేపల్లె వెళ్లడం తగ్గిపోయింది. వచ్చిన పాల డబ్బులో ఇంట్లో నిలిచేది ఎక్కువైంది. పాడిలో లాభం పొదుగులో ఎంత ఉంటుందో, మేతలో మిగుల్చుకునేదాంట్లోనూ అంతే ఉంటుందని నేను ఈనాటికీ ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ ఎండాకాలంలో ఒకరోజు మావయ్యగారు చెప్పకుండా తెనాలి వెళ్లి, బండి మీద గడ్డి కత్తిరించే చేతిచక్రం వేసుకొచ్చారు. దించుతూ నావైపు చూడకుండా, “మీ అత్తయ్య చేతులు కొడవలికి కాయలు కాస్తున్నాయమ్మా,” అన్నారు. ఏడాది తిరిగి బేరగాళ్లు మళ్లీ గుమ్మంలోకి వస్తే, “మా కోడలిని అడగండి,” అని కండువా దులుపుకుని పొలానికి వెళ్లిపోయారు. నేను అమ్మమండి అన్నాను. మా ఆయన మిల్లు పనికి వెళ్లనే లేదు. తరవాత ఆ చావిడిలో గేదెలు పెరిగాయి, పేడతో గ్యాసు పొయ్యి కూడా వెలిగింది. ఆ పొయ్యి మీద మొదటి కాఫీ మావయ్యగారే తాగారు.

ఇప్పుడు ఆ పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. మావీ కౌలుకు ఇచ్చేసి నేనూ మా ఆయనా రేపల్లెలో ఉంటున్నాం, పాలు ప్యాకెట్లో వస్తున్నాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టను, సుఖంగానే ఉన్నాను. గేదెలు లేవన్న సంగతి చేతులకే ఇంకా తెలిసిరాలేదు. పొద్దున్నే సొరకాయ తొక్కు తీసి, గుప్పిట నిండా పట్టుకుని, పెరటి తలుపు దాకా వెళ్లిపోతాను. తలుపు అవతల గోడ. ఆ తొక్కు ఎవరి నోటికి అందించాలో తోచక కాసేపు అక్కడే నిలబడి, చెత్తబుట్ట దగ్గరికి మెల్లగా వెనక్కి వస్తాను.