మా వంతు కూడా నువ్వే వాయిస్తే

మొన్న మా బడి వార్షికోత్సవానికి సౌండ్ పెట్టే అబ్బాయి ఆంప్లిఫయర్ స్విచ్ వేశాడు. ఇంకా ఎవరూ మైకు ముట్టుకోలేదు. పెట్టెలోంచి సన్నగా గుయ్‌మని మోత మొదలైంది, దాని వెనకే వేడెక్కిన దుమ్ము వాసన. కుర్చీలు సర్దుతున్న వాళ్లెవరూ పట్టించుకోలేదు. నా ఎడమచేతి వేళ్లు మాత్రం చీర కొంగు మీద వాటంతటవే తీగలు వెతుక్కున్నాయి. నేను గుడివాడలో ఇంగ్లీషు టీచర్ని. పక్కనున్న లెక్కల టీచరు, ఏమైందండీ అని అడిగింది. ఏమీ లేదన్నాను. పాతికేళ్ల నాటి బందరు ఉదయం ఒకటి అలా ముక్కులోంచి, చెవిలోంచి వచ్చిందని ఆమెకు ఎలా చెప్పడం?

బందరులో రత్నం మావయ్య మైక్‌సెట్ షాపు షట్టరు ఎత్తి స్విచ్ వెయ్యగానే వచ్చే మోత, వాసన అవే. ఆయన మాకు చుట్టం కాదు. మా వీధిలో ఉండేవారు, మా చర్చికే వచ్చేవారు, వీధి మొత్తానికి మావయ్య. దివిసీమలో ఐదో తరగతితో చదువు ఆపేసి బందరు వచ్చి, పెళ్లిళ్లకీ సువార్త కూటాలకీ మైకులు కట్టి బతికారు. మూతబడ్డ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర కొన్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు ఒకటి ఆయనకుండేది. ఎక్కడెక్కడి విదేశీ రాక్ క్యాసెట్లో సంపాదించి షాపులో పెట్టుకునేవారు. పాటలో మాటలు ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. పాట మధ్యలో గిటారు ఒక్కటే పలికే సోలో వచ్చేసరికి చేతిలో పని ఆపి, తల వంచుకుని, ప్రార్థనలో ఉన్నట్టు వినేవారు. రాక్ సోలో గొప్పదెలా అవుతుందని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళ్తాను.

నేను ఆయనలా విని నేర్చుకోలేదు, చదివి నేర్చుకున్నాను. డిగ్రీ మొదటి ఏడాదికే మా ఊరి గ్రంథాలయంలో ఇంగ్లీషు బీరువా సగం ఖాళీ చేశానని నాకు గొప్ప. చదివిన ప్రతి పుస్తకం పేరూ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఆ బీరువాలో అడుగు అరలో గిటారు నేర్పే పుస్తకం దొరికింది. మొదటి పేజీలు ఎవరో చింపుకుపోయారు. ఆరు తీగలకు ఆరు గీతలు, ఏ మెట్టు మీద వేలు పెట్టాలో చెప్పే అంకెలు. అవి నా అంతట నేనే తెలుసుకున్నాను. మావయ్య తన గిటారు అరువిచ్చారు. ఏడాది తిరిగేసరికి పుస్తకం చివరి పాఠంలో ఉన్న పెద్ద సోలో కూడా వేళ్లకు వచ్చేసింది. ఎంత వేగంగా వాయించేదాన్నంటే మా తమ్ముడు కుట్టుమిషన్ అని పేరు పెట్టాడు. అది మెచ్చుకోలనుకున్నాను.

కాలేజీలో మేం నలుగురం కలిసి ఒక బ్యాండ్ పెట్టాం. డ్రమ్స్ వాయించే చంటి మా నాయకుడు. గుడివాడలో కాలేజీల మధ్య పోటీ పెట్టారని తెలిసి, మేం సొంతంగా కట్టుకున్న పాటలో రెండో చరణం తర్వాత ఆ పుస్తకంలోని సోలో పెట్టాం. అది చంటి వేసే డ్రమ్స్‌కి ఎప్పుడూ సరిపోయేది కాదు. ముందే అయిపోయేది. ఆరు బీట్లు తక్కువొస్తున్నాయని చంటి గొడవ. నేను ఆఖరి ముక్క మళ్లీ వాయించి ఖాళీ పూడ్చేదాన్ని. మూడు వారాల్లో కుదరకపోతే ఉయ్యూరులో తన బావ ఉన్నాడని, సోలోలు వాయించే లీడ్ అతనికిచ్చి, నన్ను వెనక తాళానికి తీగలు మీటే రిథమ్‌లో కూర్చోబెడతానని చంటి చెప్పేశాడు. ఆడపిల్ల లీడ్ వాయించడమేంటని అప్పటికే కాలేజీలో నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చి నేరుగా మావయ్య షాపుకెళ్లి సోలో మొత్తం వాయించి వినిపించాను.

ఆయన వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టారు. "బాగా చదివావమ్మా" అన్నారు.

"వాయించాను కదండీ మావయ్యా."

"ఆఁ, ఎక్కాలు ఒప్పజెప్పినట్టు. ఇందులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?"

"గిటారుకి ఊపిరేంటండీ?"

"గిటారుకి కాదమ్మా, వినేవాడికి."

నాకు కోపం వచ్చింది. పుస్తకంలో ఇలాగే ఉందన్నాను. అయితే పుస్తకం పట్టుకురమ్మన్నారు. మర్నాడు తీసుకెళ్లాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, సంగీతం రాసే పద్ధతీ రాదు. అయినా కళ్లజోడు పెట్టుకుని పేజీ మీద వేలు నడిపిస్తూ పోయారు. అంకెల మధ్య ఒక చోట వేలు ఆగింది.

"ఇదేంటి?"

అచ్చులో పడ్డ మరకలని చెప్పాను. పాత పుస్తకం కదా, పేజీల మధ్య నలిగిన దోమలు కూడా అయ్యుండొచ్చన్నాను. నిజంగానే అలాగే ఉండేవి, కాళ్లు ముడుచుకుని చచ్చిన దోమల్లా. ఆయన గోటితో గీకి చూశారు. పేజీని గుమ్మం వెలుతురుకి పెట్టి చూశారు.

"దోమలైతే ఒక్కోటీ ఒక్కోలా చావాలి కదమ్మా. ఇవన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఎన్నున్నాయి?"

లెక్కపెట్టాను. మూడు చోట్ల, రెండేసి. "ఆరండీ."

"చంటిగాడు ఎన్ని బీట్లు తక్కువన్నాడు?"

పుస్తకం మూసి సైకిలెక్కి గ్రంథాలయానికి వెళ్లాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాల్లో సంగీతం గురించి ఉన్నది తీసి చూస్తే, అక్కడ ఉంది నా దోమ. ఒక్క బీటు సేపు ఏమీ వాయించకుండా ఉండమని చెప్పే గుర్తు. ఏడాది పాటు రాసినవన్నీ వాయించాను, ఆగమని రాసిన చోట మాత్రం ఆగలేదు. చింపేసిన పేజీల్లో ఆ సంగతి ఉండేదేమో. పేజీలు లేకపోయినా, ఇంగ్లీషు అక్షరం రాని ఆయన ఆ గుర్తుల్ని లెక్కతో పట్టుకున్నారు. ఇంగ్లీషు బీరువా సగం చదివిన నేను చచ్చిన దోమలనుకున్నాను. ఆ రోజు నోట్‌బుక్‌లో ఏ పుస్తకం పేరూ రాయలేదు.

ఆరు బీట్లూ ఆగడం మొదలుపెట్టాను. డ్రమ్స్‌కి సరిపోయింది. చంటి సంతోషించాడు. మావయ్య మాత్రం విని తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు ఆగుతున్నావు గానీ ఊరికే ఆగుతున్నావు, లైన్లో బస్సు కోసం నుంచున్నట్టు. ఆదివారం మా ఊరు రా" అన్నారు. వాళ్ల ఊరి చర్చికి కొత్త మైక్‌సెట్ బిగించే పని ఉంది. చర్చికే కాబట్టి అమ్మ ఒప్పుకుంది.

పొద్దున్నే బస్సులో చల్లపల్లి మీదుగా వెళ్లాం. పులిగడ్డ దాటుతుంటే కిటికీలోంచి నీళ్లకేసి చూస్తూ తన చిన్నతనం చెప్పుకొచ్చారు. వాళ్ల ఊరికి అప్పట్లో కృష్ణ పాయ దాటి వెళ్లాలి. పడవ అవతలి ఒడ్డునుంటే ఇవతలి నుంచి కేకెయ్యాలి. "ఓ... య్" అని బస్సులోనే మెల్లగా వేసి చూపించారు. గొంతు కింద మొదలై, సాగి, పైకెక్కి, అక్కడ వణుకుతూ నిలిచింది. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. సోలోలో తీగని వేలితో పక్కకి లాగి స్వరాన్ని పైకెక్కించేది ఇదేనన్నారు. ఎంత దూరం లాగాలో పుస్తకం చెప్పదు, పాయ వెడల్పు చెబుతుంది. కేకేశాక మళ్లీ మళ్లీ కేకలేస్తూ ఉంటే అవతలివాడు పలికినా వినపడదు. నోరు మూసుకుని చెవి పెట్టాలి. వాళ్ల నాన్న ఆయనకు కేకెయ్యడం కన్నా ఎక్కువగా నేర్పింది ఆ చెవి పెట్టడమేనట.

ఆ ఊళ్లో చాలామందికి చదువు రాదు. కీర్తన పుస్తకాలు నాలుగైదుంటే ఎక్కువ. అందుకని ఒకరు పాదం అందిస్తారు, మిగతావాళ్లంతా దాన్ని అందుకుని పాడతారు. పాట అందించడం అనే మాట మొదటిసారి అక్కడే విన్నాను. ఆ ఊళ్లో అందించేది మావయ్య పిన్ని మార్తమ్మ గారు. ఆమెకూ చదువు రాదు. పుస్తకమంతా నోటికే వచ్చు. మావయ్య గిటారు నా చేతికిచ్చి, పిన్నితో పాటు వాయించమని చెప్పి మైకుల దగ్గరికి వెళ్లిపోయారు. ఆమె ఒక పాదం పాడి ఆపింది. నా ముందు అంత ఖాళీ కనిపించేసరికి వేళ్లు ఆగలేదు. నేర్చిందంతా అందులో కుమ్మరించాను. రెండో పాదానికీ అదే పని. జనం గొంతులు నా మోత కింద ఎక్కడో మునిగిపోయాయి. కీర్తన అయ్యాక మార్తమ్మ గారు చాప మీంచి నాకేసి తిరిగింది.

"అమ్మాయ్, బాగానే వాయిస్తున్నావు గానీ, మా వంతు కూడా నువ్వే వాయిస్తే మేం ఎందుకొచ్చినట్టే? భోజనాలకా?"

ఆడవాళ్లంతా నవ్వారు. పాస్టరు గారు కూడా నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మైకుల దగ్గర మావయ్య మాత్రం నవ్వలేదు, మళ్లీ అన్నట్టు చెయ్యి ఊపారు. ఈసారి ఆమె పాదంతో పాటు వాయించి, ఆమె ఆగిన చోట నేనూ ఆగాను. ఎనభై తొంభై గొంతులు ఒక్కసారి లేచాయి. కొన్ని శ్రుతిలో లేవు, కొన్ని వెనకబడ్డాయి. ఆ మోత నా ఒళ్లో ఉన్న గిటారు చెక్కకి తగిలి తీగలు వాటంతటవే సన్నగా పలికాయి. నేను ముట్టుకోకుండానే. ఆ తర్వాతి పాదం నేను వాయించిన తీరే మారిపోయింది. వాళ్లు అప్పుడే పాడినదానికి బదులు చెప్పాలనిపించింది.

తిరుగు బస్సులో ఆయన ఒక్క మాటే అన్నారు. "సోలో అంటే ఒక్కడే వాయించేదంటారు. ఒక్కడే అందిస్తాడమ్మా, అంతే."

గుడివాడ పోటీకి సౌండ్ పెట్టింది మావయ్యే. మధ్యాహ్నం, రేకుల హాలు, నిండా విద్యార్థులు. సోలో మొదలుపెట్టాను. మొదటి రెండు బీట్లు ఆగిన చోట హాలంతా నిశ్శబ్దం. మర్చిపోయిందిరా అని వెనక నుంచి ఎవరో అరిచారు. చంటి భయంగా చూశాడు. వేళ్లు ఖాళీ పూడ్చేయడానికి ఎగబడ్డాయి. మార్తమ్మ గారి మాట గుర్తొచ్చి వాటిని బిగపట్టాను. మళ్లీ అందుకుని, తీగని పాయ అవతలికి వినపడేంత లాగి, రెండోసారి ఆగాను. ఎక్కడో నలుగురైదుగురు ఆ ఖాళీలో రెండు చప్పట్లు కొట్టారు. మూడోసారి ఆగినప్పుడు హాలు మొత్తం కొట్టింది. సరిగ్గా రెండు. రేకులు అదిరాయి. వాళ్ల వంతు వాళ్లు తీసుకున్నారు.

మాకు బహుమతి రాలేదు. అమ్మాయి ఇంకా వేగం పెంచుకోవాలని న్యాయనిర్ణేత ఒకాయన సలహా ఇచ్చారు. బందరు రైల్లో చంటి నా పక్కన కూర్చుని, ఉయ్యూరు బావకి రావద్దని చెప్పేశానన్నాడు. నేను ఆ తర్వాత వేగం గురించీ, స్వరాల వరసల గురించీ చాలా చదివాను. అవన్నీ నిజమే, అవన్నీ కావాలి కూడా. వేళ్లు కదలని వాడు ఆగినా ఎవరూ ఎదురుచూడరు. కానీ గొప్ప సోలో విన్నప్పుడల్లా నేను చూసేది ఒకటే, ఇందులో నా చోటు ఎక్కడుందని.

మావయ్యకు చివరి ఏళ్లలో చెవులు పూర్తిగా పోయాయి. జీవితమంతా పెద్ద స్పీకరు పెట్టెల పక్కన గడిపిన మనిషి. ఇంట్లోవాళ్లు పలక మీద రాసి చూపించేవారు. నేను వెళ్లినప్పుడు ఆయనే ఎర్ర గిటారు కేసి వేలు చూపించారు. ఏం లాభం అనిపించినా పెట్టెకి తగిలించాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. పాత సోలో వాయించాను. ఆగిన చోటల్లా ఆయన రెండో చెయ్యి మోకాలి మీద రెండు సార్లు తట్టింది. అయిపోయాక పెట్టె మీంచి చెయ్యి తియ్యకుండానే నావైపు చూశారు.

"ఆరూ ఉన్నాయి" అన్నారు.

ఆయన మాటల్లో నేను ఆఖరుగా విన్నది అదే. ఆ మరుసటి ఏడు పోయారు.

మొన్న వార్షికోత్సవంలో స్వాగతం చెప్పాల్సింది నేను. మైకు ముందు నిలబడ్డాను, గుయ్‌మనే మోత ఇంకా ఉంది. "అందరికీ నమస్కారం" అన్నాను. తర్వాతి వాక్యం కాగితం మీద సిద్ధంగా ఉంది. చదవలేదు. కాగితం వెనక వేలితో రెండు సార్లు తట్టాను.

ఆఖరి వరసలో నేల మీద కూర్చున్న చిన్నపిల్లలు ఒక్క గొంతుతో "నమస్కారం" అన్నారు.