కాలిన కొండ మీద ఆడ ఎల్క్

ఆ ఆడ ఎల్క్‌ను కాల్చింది నేను. కాల్చానని ఒప్పుకున్నది భూషణం అంకుల్. పక్కనే నిలబడి, నోరు తెరవకుండా, ఆయన్ని ఒప్పుకోనిచ్చింది కూడా నేనే.

ఇప్పుడు శాన్ రామన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న అవతల కొండలు అంటుకుని మూడు రోజులు ఆకాశం నారింజ తొక్క రంగులో ఉండిపోయింది. అమ్మాయి కిటికీలన్నీ బిగించి, "డాడీ, ఎయిర్ చాలా బ్యాడ్‌గా ఉంది, వాక్‌కి వెళ్లకండి ప్లీజ్" అంది. నాలుగో రోజు నాలుగు చినుకులు పడ్డాయి. తలుపు తీసేసరికి తడిసిన బొగ్గు వాసన, కాస్త పుల్లగా, కాస్త చేదుగా, గొంతులో అడ్డం పడేటట్టుగా వచ్చింది. నలభై ఏళ్లు పైబడ్డాయి. ఆ వాసన మాత్రం నన్ను మరిచిపోలేదు.

బాల్యమంటే తీపి అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తీపి లేదనను. డెబ్బైల చివర మోంటానాలో ఒక కలపమిల్లు ఊళ్లో రెండే తెలుగు ఇళ్లుండేవి. నాన్న మిల్లులో ఇంజనీరు, తెనాలి వైపు మనిషి. భూషణం అంకుల్ పశువుల డాక్టరు, మదనపల్లె ప్రాంతం. చుట్టూ నలభై మైళ్లలో ఏ ఆవు ఈనలేకపోయినా, ఏ గుర్రం కుంటినా ఆయన పికప్ ట్రక్కే వెళ్లాలి. వాళ్లింట్లో సరోజ ఆంటీ గోంగూర దొరక్క రూబార్బ్ కాడల పులుపుతో పప్పు చేసేది, దీపావళికి టిన్నులో వచ్చిన కొబ్బరితో కజ్జికాయలు వత్తేది, అన్నిటికంటే ముఖ్యంగా అంకుల్ కొట్టి తెచ్చిన ఎల్క్ మాంసాన్ని ముక్కలు చేసి, వేయించి, కారం నిమ్మరసం పట్టించి పచ్చడి పెట్టేది. ఎల్క్ అంటే మన అడవుల్లో కణుజు ఉంటుంది చూడండి, దానికి పెద్దన్న, గుర్రమంత ఉంటుంది. మంచు కిటికీ సగం దాకా పేరుకున్న రోజుల్లో వేడన్నంలో ఆ పచ్చడి ఒక్క ముక్క కలుపుకుంటే చెవులదాకా వెచ్చబడేది.

శనివారం పొద్దున్నే అంకుల్ మా ఇంటి ముందు ట్రక్కు ఆపి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. నేను చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ పరిగెత్తేవాణ్ని. ఇద్దరం అంతకు రెండేళ్ల ముందు కార్చిచ్చుకు కాలిపోయిన కొండకు వెళ్లేవాళ్లం. వేసవిలో ఆ బూడిదలోంచి నడుమెత్తు గులాబీ రంగు పూలు లేచేవి, మోకాళ్ల దాకా పచ్చిగడ్డి లేచేది, ఆ లేతగడ్డి కోసం ఎల్క్‌లు పొద్దున సాయంత్రం దిగివచ్చి, పగలంతా అంచున కాలకుండా మిగిలిన అడవిలో పడుకునేవి. మోడులు నల్లగా, నిటారుగా, గాలికి కిర్రుమంటూ, ఎప్పుడు ఏది కూలుతుందో తెలియకుండా నిలబడి ఉండేవి. వాటి మధ్య తిరిగి వస్తే ప్యాంటు నిండా బొగ్గు గీతలే, అమ్మ తిట్లే.

ఆ బొగ్గుతోనే ట్రక్కు వెనక తలుపు మీద అంకుల్ నాకు అఆలు దిద్దించాడు. పదహారేళ్లకు బడి మానేసి లారీల గ్యారేజీలో చేరినవాణ్ని, ఈ మాత్రం తెలుగు రాస్తున్నానంటే అదే బడి, అదే పలక. మిగతాదంతా నా సొంత కుస్తీ.

వేటకూ ఆయనవి కొన్ని పద్ధతులుండేవి. తిండి ట్రక్కులోనే వదలాలి. "మీయమ్మ ఇంగువ పోపు వాసన తగిల్తే ఎల్క్ కెనడాకు పారిపోతాది నాయనా" అనేవాడు. నేలమీది బూడిద చిటికెడు తీసి వేళ్లలోంచి జార్చి గాలి ఎటుందో చూసేవాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట ఒకటుంది.

"కాలిన అడవిలో ప్రతి మోడూ కొమ్ముల మాదిరే కనపడతాది. తల తిప్పేదాకా కాచుకోవల్ల. తలతోబాటు కొమ్ములు తిరిగితే మగది. తిరక్కపోతే అది చెట్టు. అర్థమాయెనా?"

అయింది. ఆ సంవత్సరం అక్కడ మగవాటినే కొట్టాలని రూలు. నాకు పదమూడేళ్లు, చేతిలో లైసెన్సు, భుజాన అంకుల్ తుపాకీ. ఆ రోజు నాన్న కూడా కెమెరా పట్టుకుని వచ్చాడు. "ఏరా, డాక్టరుగారి కాంపౌండరూ, ఇవాళైనా ఏమన్నా కొడతావా, బొగ్గులేరుకొస్తావా?" అని వేళాకోళమాడి, చలికి ఓర్వలేక ఫ్లాస్కుతో ట్రక్కులోనే కూర్చున్నాడు. ఆ మాట నా చెవిలో ఉంది. అంకుల్ గట్టు అవతల చూసి వస్తానని నాలుగడుగులు వేశాడో లేదో, అరవై గజాల్లో గడ్డిలోంచి ఒక తల లేచింది. తల వెనక నల్లగా, విశాలంగా, చీలికలు చీలికలుగా కొమ్ములు. తల తిప్పేదాకా కాచుకోలేదు. కాల్చేశాను.

తల పడిపోయింది. కొమ్ములు అక్కడే నిలబడి ఉన్నాయి.

అంకుల్ వచ్చి చూశాడు. పశువుల కడుపులు తడిమే ఆ చేతిని దాని మెడమీద వేసి, "దూడుండే తల్లి" అన్నాడు. అంతే. తిట్టలేదు. వదిలేసి పోదామని కూడా అనలేదు. నాన్నను కేకేసి, ముగ్గురం ముక్కలుగా మోసుకుని కిందికి దించాం. రోడ్డు మీద వేటగాళ్లను ఆపి చూసే తనిఖీ షెడ్డు ఉంటుంది, తిన్నగా అక్కడికే పోనిచ్చాడు. దారిలో నాన్న బతిమాలాడు.

"వాడని చెప్పకండి భూషణంగారూ. మా గ్రీన్‌కార్డ్ పేపర్లు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయి. కేసంటే అంతా పోతుంది."

"పిల్లోడి మీద పెద్ద కేసేం పెట్టరు సార్. నిజం చెప్తే మందలించి పంపిస్తారు. వాణ్నే చెప్పనీండి."

షెడ్డు దగ్గర అధికారి ముగ్గురినీ చూసి, ఎవరు కాల్చారని అడిగాడు. అంకుల్ నావైపు చూశాడు. కోపంగా కాదు, అక్షరం దిద్దుతుంటే చూసినట్టే, తొందరలేకుండా చూశాడు. నేను నా ప్యాంటు మీది బొగ్గు గీతలు చూసుకుంటూ నిలబడ్డాను. నాన్న కెమెరా మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"నేనే" అన్నాడు అంకుల్.

మాంసం పట్టుకుపోయారు, తుపాకీ పట్టుకుపోయారు, రెండేళ్లు వేట నిషేధించారు. అదొక లెక్క కాదు. ఊరి పేపర్లో పేరు వేశారు. పశువుల డాక్టరు ఆడదేదో మగదేదో పోల్చుకోలేకపోయాడట! పశువుల కొట్టాల్లో, పెట్రోలు బంకులో, మంగలి షాపులో అదే నవ్వు. ఆయన ఆవు కడుపులో చెయ్యి పెట్టి చూస్తుంటే, "డాక్, అది ఆవేనా, ఒకసారి బాగా చూసుకో" అని ఒకడు అన్నాడని మిల్లులో చెప్పుకుని పగలబడి నవ్వారు. నాన్న కూడా వాళ్ల మధ్య నిలబడి నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. కొన్నాళ్లకు పశువులవాళ్లు వేరే డాక్టర్ని పిలవడం మొదలుపెట్టారు. ఆ చలికాలం మా ఇంటికి పచ్చడి సీసా రాలేదు. పచ్చడి పెట్టడానికి వాళ్లింట మాంసమే లేదు.

శనివారాలు మాత్రం హారన్ మోగింది. రెండుసార్లు. నేను ముందుగది కర్టెన్ వెనక నిలబడేవాణ్ని. అమ్మ తలుపు ఓరగా తీసి, "వాడికి ఒంట్లో బాలేదండీ" అనేది. ఐదారు వారాలు మోగింది. తర్వాత మోగలేదు. మంచు కరిగాక వాళ్లు ఇల్లు అమ్ముకుని మిషిగన్ వెళ్లిపోయారు. మాకు గ్రీన్‌కార్డులు వచ్చాయి. ఆ రోజు అమ్మ పాయసం వండింది.

చిన్నవాడివి, నాన్న భయపెట్టాడు, నీ తప్పేముంది అని మా అమ్మాయి అంటుంది. మండిపడతాను. పదమూడేళ్లవాడికి తుపాకీ మోయడం వచ్చినప్పుడు రెండు అక్షరాల మాట మోయడం రాదా? నాన్న భయం నాన్నది. నోరు నాది.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. కాలిన కొండ మళ్లీ చిక్కటి అడవైపోయిందట, గడ్డి లేదు, ఎల్క్‌లు వేరే కొండలకు మళ్లాయట. నాన్న పోయాడు, సరోజ ఆంటీ కూడా. భూషణం అంకుల్ తొంభై దాటి మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉన్నాడని ఈ మధ్యే తెలిసింది. తడి బొగ్గు వాసన వచ్చిన ఆ రోజే కూర్చుని, ఆయన నేర్పిన అక్షరాలతోనే నాలుగు పేజీలు రాశాను. ఎల్క్ సంగతి, తుపాకీ సంగతి, పేపరు సంగతి, ఒక్కటీ వదలకుండా రాసి క్షమించమన్నాను. మూడు వారాలకు కార్డు వచ్చింది. అక్షరాలు వంకరపోయాయి గానీ చెయ్యి ఆయనదే:

"నాయనా, ఎల్క్‌ను తప్పుగా కాల్చినోళ్లు శానామంది ఉండారు, ఆ సంగతి నేనెప్పుడో మరిచినా. శనివారం శనివారం మీ ఇంటి ముందర హారన్ కొడితే, కర్టెన్ కింద నీ కాళ్లు కనపడతా ఉండె. ఒక్క తూరి బయటికి వచ్చింటే చాలు గదా."