ప్రతి ఫోటోలో శంకరయ్య

కెమెరా కనబడితే మా శంకరయ్య మామ ఆగలేడు. ఆకలి ఆపుకుంటాడు, తుమ్ము ఆపుకుంటాడు, కల్యాణత్త తిడుతుంటే నోరు కూడా ఆపుకుంటాడు. కానీ ఎవరో ఎవరినో ఫోటో తీస్తున్నారంటే మాత్రం అందులో ఆయన ముఖం ఉండాల్సిందే. సిరిసిల్లలో ఫోటో స్టూడియో పెట్టుకుని బతుకుతున్న నాకు ఈ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నా కంప్యూటర్లో ఆయన ఫోటోలు ఉన్నన్ని నా భార్యవి లేవు. ఈ మాట నేను అనడం లేదు, ఆవిడే అంటుంది, అదీ రోజూ.

పోనీ అందగాడా అంటే అదీ కాదు. పొడుగ్గా, సన్నగా, ఎండకు ఆరేసిన తువ్వాలలా ఉంటాడు. జలపతి ఆసామి దగ్గర సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే మా వైపు మరమగ్గం. ఆసామి అంటే నాలుగు సాంచాలు పెట్టుకుని, తనూ పనివాళ్లతో సమానంగా కష్టపడే చిన్న యజమాని. రోజంతా ఆ చప్పుడులో నిలబడటం వల్ల మామకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. "అల్లుడ, కుడి దిక్కుకెల్లి తియ్యి, ఎడమ దిక్కు నేను మంచిగ రాను" అని నా చెవిలో చెప్తే పెళ్లి పందిరి మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది.

ఒకసారి కోరుట్లలో పెళ్లి ఒప్పుకున్నాను. లైటు పట్టుకునే కుర్రాడు రాలేదని మామను తీసుకుపోయాను. పిల్ల తరఫువాళ్లు ఆయన్ని పిలగాని మేనమామ అనుకున్నారు, పిలగాని తరఫువాళ్లు పిల్ల మేనమామ అనుకున్నారు. రెండు వైపులా మర్యాదలు జరిగాయి. తలంబ్రాల ఫోటోలో మామ ధగధగ నవ్వుతున్నాడు. లైటు పట్టుకోవలసిన మనిషి ఫోటోలో ఉన్నాడు గనుక మిగతా అంతా చీకటి. ఆల్బం చూసిన పిలగాని తండ్రి నన్ను పిలిపించాడు.

"వేణు, గీయన ఎవలు?"

"మా మామ."

"మీ మామ మా కోడలు పక్కపొంటి ఎందుకు నిలవడ్డడు?"

"ఆయనకు కుడి దిక్కు అటే పడ్డది."

ఆయన ఆల్బం మూసేసి, మళ్లీ తెరిచి, మామ ఉన్న పేజీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను మెల్లగా బస్టాండు దారి పట్టాను. జగిత్యాలలో బట్టల దుకాణం ప్రారంభమప్పుడు కూడా అంతే. మరునాడు పేపర్లో ముఖ్య అతిథి చెవి ఒకటి వచ్చింది, మామ ముఖం మాత్రం నిండుగా వచ్చింది.

అలాంటి రోజుల్లో కరోనా వచ్చిపడింది. సాంచాలు ఆగిపోయాయి. మా ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు, అందుకని ఊరు ఊరంతా కళ్లు తెరుచుకుని కూర్చుంది. పెళ్లిళ్లు లేక నా కెమెరాకు దుమ్ము పట్టింది. మామ ఫోను చేశాడు. "ఫోటో దిగక ఎన్నొద్దులాయె అల్లుడ, నేనెట్లుంటనో నాకే యాదికస్తలేదు" అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది.

తెల్లకార్డు ఉన్నవాళ్లకు సర్కారు బియ్యం ఇచ్చింది, ఖాతాల్లో పదిహేను వందలు వేసింది. తర్వాత ఢిల్లీవాళ్లు టీవీలో ఇరవై లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు. మా వాడకట్టువాళ్లు అరుగుల మీద దూరం దూరంగా కూర్చుని, అందులో సున్నాలు ఎన్ని అని అరుచుకుంటూ కొట్లాడారు. మామ ఆ లెక్కలోకి పోలేదు.

"సున్నాలు ఎన్నన్న ఉండనియ్యుండ్రి, ఫోటో ఏది? ఇచ్చేటోడు కనవడ్తలేడు, తీసుకునేటోడు కనవడ్తలేడు. ఫోటో లేంది ఇచ్చినట్టు ఎట్లయితది?" అన్నాడు.

అందరూ నవ్వారు గానీ, మా కౌన్సిలర్ సురేందర్ అప్పటికే ఆ దారిలో నడుస్తున్నాడు. బియ్యం, పప్పు, నూనె పెట్టిన గుడ్డ సంచులు పంచడం మొదలుపెట్టాడు. సంచి మీద నవ్వుతున్న తన ముఖం అచ్చు వేయించాడు. ఆయన మీద ఓడిపోయిన బాలకిషన్ ఊరుకుంటాడా? ఇంకొంచెం పెద్ద సంచి తెచ్చి, దాని మీద ఇంకొంచెం పెద్ద నవ్వు వేయించాడు. ఎవరి కండువా ఏ రంగో అడగకండి, ఇద్దరూ నాకు గిరాకీలే. ఒక్క సంచి ఇవ్వడానికి తొమ్మిది చేతులు, దూరం పాటించండి అని మైకులో చెప్పడానికి ఒక గొంతు, ఇదంతా తీయడానికి నేను.

ఇచ్చేవాళ్లకు కొరత లేదు, తీసుకునేవాళ్లతోనే వచ్చింది చిక్కంతా. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవారు, మగవాళ్లు తల వంచుకునేవారు. సాయంత్రానికి ఆ ఫోటో వాట్సాపులో భివండిలో ఉన్న అన్న దాకా, దుబాయిలో ఉన్న బామ్మర్ది దాకా పోతుందని అందరికీ తెలుసు. ఒకరోజు లైను చివర జలపతి ఆసామి కనబడ్డాడు. సాంచాలున్నవాడని ఎప్పుడో ఆయన తెల్లకార్డు తీసేశారు. ఆ సాంచాలేమో ఇప్పుడు ఆగి ఉన్నాయి. సర్కారు బియ్యం ఆయన ఇంటికి రావు. నా కెమెరా చూడగానే ఆయన జేబులు తడుముకుని, ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. లైనులో నిలబడ్డవాళ్లలో సగం మంది ఆయన దగ్గర పని చేసినవాళ్లే.

మామ ఆయన వెళ్లిన వైపు కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి దువ్వెన తీశాడు.

"సురేందరన్నా, గట్ల తల కిందికేసుకునేటోళ్లతోని ఫోటో ఏం మంచిగస్తది? నన్ను నిలవెట్టు. నేను కెమెరాల సూస్త" అన్నాడు.

సురేందర్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ వార్డులోనే కాదు, చుట్టుపక్కల నాలుగు వార్డుల్లోనూ పేదవాడంటే శంకరయ్య మామే. "అన్నా, సంచి జర కిందికి పట్టు, నా మొఖం కనవడ్తలేదు. నువ్వు నవ్వు, నేను బాధగ ఉంట" అని నాయకులకే నేర్పేవాడు. మాస్కులు తప్పనిసరి అన్నప్పుడు మాత్రం రెండు పూటలు అన్నం మానేశాడు. మాస్కు వేస్తే అందరి ముఖాలూ ఒకటే అయిపోతాయి కదా. చివరికి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. తెల్లగుడ్డతో మాస్కు కుట్టించుకుని, దాని మీద ఎర్రదారంతో తన పేరు కుట్టుకున్నాడు, అదీ పెద్ద అక్షరాలతో.

కల్యాణత్త నెత్తి కొట్టుకుంది. "మనకు కార్డు బియ్యం అస్తున్నయి గద. మల్లాపూర్ కెల్లి మా తమ్ముడు ఫోను చేసిండు, బావ అడుక్కుంటుండా అని. ఏం జెప్పాలె నేను?"

"ఫోటోల మంచిగ అచ్చిన్నా లేదా, అది అడుగు" అన్నాడు మామ.

ఆ ఎర్రదారమే కొంప ముంచింది. ఒకే పొద్దున పేపర్లో ఒకే పేజీలో రెండు ఫోటోలు పడ్డాయి. పైన సురేందర్, కింద బాలకిషన్. రెండింటిలోనూ సంచి అందుకుంటున్న నిరుపేద ఒక్కడే, మాస్కు మీద పేరు కూడా ఉంది. వార్డు గ్రూపులో జనం నవ్వీ నవ్వీ అలసిపోయారు. బాలకిషన్ మనుషులు సురేందర్ పంపిణీ అంతా నాటకమన్నారు. సురేందర్ మనుషులు బాలకిషన్‌కు పేదలే దొరకలేదన్నారు. మధ్యలో శంకరయ్య సరుకులు గుట్టలేసుకుని అమ్ముకుంటున్నాడన్న పుకారు లేచింది.

సురేందర్ నాకు ఫోను చేశాడు. "కెమెరా తీసుకోని రా వేణు. దొంగను ఇంట్లనే పట్టుకుందాం."

వాడకట్టంతా బయటికి వచ్చి నిలబడింది. మామ ఇంట్లో సర్కారు దొడ్డుబియ్యం ఒక డబ్బాలో ఉన్నాయి, ఇంత చింతపండు ఉంది. సంచులు లేవు, నూనె లేదు. పప్పు గింజ కూడా లేదు.

"సరుకులేవి?" అన్నాడు సురేందర్, బయటి అరుగు మీదికి వచ్చి.

"తిన్న."

"సంచులు?"

"ఆకలి ఎక్కువున్నది సురేందరన్నా."

జనం నవ్వారు. సురేందర్ నవ్వలేదు. "అమ్మినట్టు లేదు, పంచినట్టున్నది. ఎవలెవలికి ఇచ్చినవో చెప్పు. వాళ్లను గీన్నే నిలవెట్టి ఫోటో తీసుకుంట, నా సంచి నేనిచ్చినట్టు ఉంటది. చెప్పకుంటే నువ్వు దొంగవని గ్రూపుల పెడ్త. నీ తెల్లకార్డు గూడ తీసేపిస్త, ఇగ సూస్కో."

కల్యాణత్త ముఖం పాలిపోయింది. ఆ కార్డు పోతే ఆ డబ్బాలో బియ్యం కూడా ఉండవు. నా కెమెరా మామ ముందే ఉంది. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన్ని ఎరిగినప్పటి నుంచి కెమెరా ముందు నేల చూడటం అదే మొదలు.

అప్పుడు నా కన్ను ఎదురింటి దండెం మీద పడింది. అది జలపతి ఆసామి ఇల్లు. దండెం మీద గుడ్డ సంచి ఒకటి ఉతికి, తిరగేసి ఆరేశారు. ఎంత తిరగేసినా ఆ పలుచని గుడ్డలోంచి సురేందర్ నవ్వు తలకిందులుగా కనబడుతూనే ఉంది. పక్కన ఇంకో సంచి, అందులో బాలకిషన్ నవ్వు. ఫోటోలో మామ, వంటింట్లో ఆసామి. నాకు అంతా అర్థమైపోయింది. ఇన్ని రోజులు ఈ మనిషిని ఫోటోపిచ్చివాడని నవ్వుకున్నాను గదా అనిపించి, ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

భార్య లత చెయ్యి పట్టుకుని ఆపుతున్నా, ఆసామి మెట్లు దిగి వచ్చేశాడు.

"సురేందర్, శంకరయ్యను ఏమనకు. ఆ సరుకులు..."

సురేందర్ కళ్లు మెరిశాయి. పని ఇచ్చే ఆసామే తన సంచి అందుకున్న ఫోటో అంటే మాటలా? "నువ్వా ఆసామి? రా, గిట్ల రా. వేణు, తియ్యి, జల్ది తియ్యి" అన్నాడు. నా వేలు అలవాటు కొద్దీ నొక్కేసింది.

నొక్కే లోపలే మామ మధ్యలోకి దూకాడు. ఎప్పటిలా కెమెరా వైపు కాదు. కెమెరాకు వీపు పెట్టి, ఆసామి ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "ఆసామీ, మాస్కు జారింది నీది, కరోనా తల్గుతది" అంటూ ఆయన మాస్కు పట్టుకుని ముక్కు మీదికి, కళ్ల మీదికి, నుదుటి దాకా లాగేశాడు. లోపలి నుంచి ఆసామి ఏదో అంటున్నాడు గానీ ఎవరికీ అర్థం కాలేదు.

మూలింటి సమ్మవ్వ అరుగు మీది నుంచి లేచింది. "సురేందర్, ఆ నూనె నేనే తాగిన. తియ్యి నా ఫోటో. మా ఇంట్ల ఏడు ఓట్లున్నయి, అది గూడ గ్రూపుల రాయి."

"మాయి ఆరు" అంది పక్కింటావిడ, తలుపు సందులోంచి.

సురేందర్ చుట్టూ ఒకసారి చూశాడు. ఆయన పెదవులు కదలడం నేను చూశాను, సున్నాల గొడవలో మా వాళ్లు కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు. కండువా సర్దుకుని, "ఊకె నవ్వులాటకు అన్న, శంకరన్నా, మనసుల పెట్టుకోకు" అని బండెక్కాడు. పోతూ పోతూ ఇంకో రెండు సంచులు అరుగు మీద దింపించాడు. ఫోటో అడగలేదు.

లాక్‌డౌన్ కాస్త సడలించాక మామ స్టూడియోకు వచ్చాడు. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఆనాటిది చూపియ్యి అల్లుడ."

తెరిచి చూపించాను. తెర నిండా చెమటకు తడిసిన చొక్కా, చాపిన రెండు చేతులు.

"ఆసామి కనవడ్తుండా?"

"లేడు మామ. చెవి గూడ పడలే."

ఆయన ఊపిరి వదిలాడు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, తెరకు దగ్గరగా జరిగి, అటు వంగి ఇటు వంగి చాలాసేపు చూశాడు.

"నా వీపు గింత మంచిగుంటదని ఇన్నొద్దులు ఒక్కడన్న చెప్పలే" అన్నాడు. "పెద్ద సైజుల కడుగు."