సహస్రకు విలన్ వేషం కట్టిన వజ్రమ్మ

నల్ల ప్లాస్టిక్ సంచిని చుట్ట నుంచి తెంపినప్పుడు ఒక శబ్దం వస్తుంది. చర్రుమని మొదలై టప్పుమని ఆగిపోతుంది. మొన్న అక్టోబరు చివర్లో మా కాలేజీ స్టాఫ్ రూములో చెత్తబుట్ట మార్చడానికి వచ్చినామె అలాంటి సంచి ఒకటి తెంపింది. నేను పేపర్లు దిద్దుతున్నాను. ఎర్ర పెన్ను చేతిలోనే ఉండిపోయింది. ఆ తరువాత బెల్లు కొట్టారో లేదో, నా క్లాసుకు ఎవరు వెళ్లారో నాకు తెలియదు. ఆరేళ్ల కిందటి ఒక వార్డు, ఆ వార్డులో ఒక ఆయమ్మ, ఆమె చేతుల్లో అదే శబ్దం చేస్తూ విడిపోయిన సంచులు నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. ఆమె పేరు వజ్రమ్మ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసినా, నీలం చీర కట్టుకుని బకెట్‌తో పక్కకు తప్పుకునే మనిషిని గుర్తు పెట్టుకుని ఉండరు.

నేను హసన్‌పర్తిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా పెద్దమ్మాయి సహస్రకు ఏడేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అప్పటికి మా చిన్నమ్మాయి పుట్టి మూడు నెలలు. పసిబిడ్డను వార్డుకు తేకూడదన్నారు, పాలు తాగే పిల్లను వదిలి నా భార్య లావణ్య రాలేదు. అందుకని వరంగల్‌లో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో, అందరు తల్లుల మధ్య, నేనొక్కడినే తండ్రిని. బిడ్డకు జడ వేయడం కూడా రాని తండ్రిని. మూడో వారానికి ఆ అవసరమే లేకుండా పోయింది. దిండు మీద, దుప్పటి మీద, పప్పన్నం గిన్నెలో జుట్టు. నేను దాన్ని గుప్పిట్లో పట్టి జేబులో దాచుకునేవాణ్ణి.

"నా జుట్టెందుకు ఊడుతాంది డాడీ?" అని అడిగింది సహస్ర.

"షాంపూ పడలేదు బిడ్డా. వేరేది తెస్త," అన్నాను.

పక్క మంచం కింద తుడుస్తున్న వజ్రమ్మ తలెత్తి చూసింది. యాభై దాటిన మనిషి, బక్కగా, ముందరి పన్ను ఒకటి లేకుండా ఉండేది. తుడవడం అయిపోయాక నన్ను వరండాలోకి పిలిచింది. "సారూ, షాంపూ అని ఎందుకు చెప్పినవ్? రేపో మాపో పూరా గుండైతది. అప్పుడేం చెప్తవ్?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. చిన్నపిల్లకు ఏం చెప్పమంటావని అడిగాను. "పిల్లలకు అన్నీ ఎర్కనే సారూ. నువ్వు చెప్పకుంటె, మా డాడీకి గూడ భయమైతాందని వాళ్లే సప్పుడు చేయకుంట ఊకుంటరు. నీ బిడ్డ ఒక్కతే పడుకోని భయపడుతది." ఆ మాట అనేసి లోపలికి వెళ్లి సహస్ర మంచం పక్కన కూర్చుంది. "బిడ్డా, నీకు ఎక్కిచ్చే మందు చాన గట్టిది. రోగంతోని కొట్లాడుతాంది. ఆ కొట్లాటల జుట్టుకు గూడ దెబ్బ తాకుతాంది," అని చెప్పింది. మళ్లీ ఎప్పుడొస్తుందని సహస్ర అడిగితే, "మందు ఆపినంక వస్తదంటరు డాక్టర్లు. ఎప్పుడు ఆపుతరో నాకు తెల్వదు," అంది. నా బిడ్డ ఏడవలేదు. తల తడుముకుని, మిగిలింది కూడా తీసేయమంది. ఇరవయ్యేళ్లుగా నిరూపణలు బోధిస్తున్న నేను ఆ పదిహేను రోజుల్లో ఒక్క నిజం కూడా చెప్పలేకపోయానని ఆరోజు నాకు తెలిసింది.

అక్టోబరు చివర్లో ఊళ్లోని కాలేజీ పిల్లలు కొందరు వార్డుకు వచ్చి, పిల్లలు రకరకాల వేషాలు కట్టే హాలోవీన్ పండుగ చేస్తామన్నారు. ఆ పండుగ మా వైపు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు గాని, ఇంగ్లిష్ మీడియం స్కూలు పుణ్యమా అని సహస్రకు బాగా తెలుసు. ఆడపిల్లలకు రాణి వేషాలు, మగపిల్లలకు హీరో వేషాలు వాళ్లే తెస్తారట. సిస్టర్ పేర్లు రాసుకుంటూ వచ్చినప్పుడు సహస్ర తల అడ్డంగా ఊపింది.

"నేను విలన్."

"రాణి వద్దా?" అని అడిగాను. "రాణికి జడుండాలె డాడీ. గుండు విలన్‌కే ఉంటది," అంది. ఆ తరువాత కాస్త ఆలోచించి, "విలన్‌ను చూస్తే అందరు భయపడుతరు. సిస్టర్ సూది పట్టుకోని దగ్గరికి రాదు," అని కూడా చెప్పింది. నాకు ఆ మాటే నచ్చలేదు. ఆ స్థితిలో ఉన్న పిల్లకు చెడ్డవాడి వేషమేమిటి అనిపించింది. వద్దని చెప్పబోతుంటే వజ్రమ్మ అడ్డం వచ్చింది. "ఎసొంటి విలన్? మంత్రాలోడా, కత్తులోడా?" అని నా బిడ్డను గంభీరంగా అడిగింది, టైలరు కొలతలు అడిగినట్టు. "ఎముకలోడు," అంది సహస్ర. "ఎముకలు కనవడాలె. నల్ల రెక్కలుండాలె."

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగాక వజ్రమ్మ ఇంటికి పోలేదు. కొత్త చెత్త సంచుల చుట్ట ఒకటి సిస్టర్‌ను అడిగి తెచ్చింది. వరండాలో కింద కూర్చుని ఒక్కొక్క సంచీ చర్రున తెంపి, రెండు వైపులా కోసి రెక్కల్లా పరిచింది. నేను నిలబడి చూస్తున్నాను. "అట్ల చూసుడు కాదు సారూ, కూసో. కత్తెర పట్టు," అంది. నేను కత్తిరించిన అంచు వంకర పోయింది. "వంకర పోతె ఏమాయె, విలన్‌దే గద," అంది. సూది పెడితే ప్లాస్టిక్ చినిగిపోతోంది. అప్పుడు కట్లకు వాడే ప్లాస్టర్ తెచ్చి లోపలి వైపు అంటించింది, ఆ ప్లాస్టర్ మీద కుట్లు వేయడం నాకు నేర్పింది. ఎముకలకు ఏం చేయాలో మా ఇద్దరికీ తోచలేదు. మంచం మీద నుంచి అంతా చూస్తున్న సహస్రే చెప్పింది, పరుపు కింద కవరులో తన ఎక్స్‌రే ఉందని. మొదట్లో తీసిన ఛాతీ ఎక్స్‌రే అది. నేను దాన్ని మళ్లీ బయటికి తీసి చూడలేదు. వజ్రమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, వెనక తెల్ల కాగితం అంటించి, నాలుగు మూలలా రంధ్రాలు చేసి దారాలు కట్టింది. నా బిడ్డ పక్కటెముకలు తెల్లగా బయటపడ్డాయి.

కుడుతూ ఆమెను అడిగాను, ఈ వార్డులో ఎన్నేళ్ల నుంచి ఉన్నావని. పద్నాలుగేళ్లంది. ఎంతమంది పిల్లలు మంచిగై ఇంటికి పోయారని అడిగాను. అది అడగాలనే ఆ గంటసేపూ ఆమె పక్కన కూర్చున్నానేమో. ఆమె దారం పళ్లతో తెంపింది. "నేను లెక్క పెట్ట సారూ. లెక్క పెడితె తెల్లారి డ్యూటీకి రాను," అంది.

ఆ పండుగనాడు పొద్దున్నే సహస్రకు జ్వరం వచ్చింది. రక్తకణాలు బాగా పడిపోయాయని విడి గదిలోకి మార్చారు. హాల్లో పాటలు వినిపిస్తున్నాయి. కాలేజీ పిల్లలు అద్దం అవతలి నుంచి చేయి ఊపి, బొమ్మ ఒకటి సిస్టర్‌కు ఇచ్చి వెళ్లిపోయారు. వాళ్ల తప్పేమీ లేదు, లోపలికి రానివ్వలేదు. వజ్రమ్మ మాస్కు కట్టుకుని, రెక్కలను స్పిరిట్‌తో తుడిచి తెచ్చింది. పడుకున్న పిల్లను నేను లేపి పట్టుకుంటే ఆమె ఎక్స్‌రే కట్టింది, రెక్కలు తగిలించింది, కాటుకతో కనుబొమ్మలు దిద్దింది. అప్పటికి కనుబొమ్మలు కూడా లేవు. పది నిమిషాలకు సిస్టర్ సూది ట్రే పట్టుకుని వచ్చింది. సహస్ర రెండు రెక్కలూ ఎత్తి, పుండ్లు పడిన నోటితో గట్టిగా నవ్వింది. విలన్ నవ్వు. సిస్టర్ నిజంగానే జంకినట్టు గోడకు ఆనుకుని, "అమ్మో, నేను రాను," అంది. ఆ గదిలో మేమందరం నవ్వాం. నవ్వు ఆగాక నా బిడ్డ రెక్కలు దించింది. "రా అక్కా, నేను ఉత్తగనే విలన్‌ను," అని చేయి చాపింది.

నాకు ఫోటో తీయాలని తోచలేదు. రెండు చేతులతోనూ బిడ్డను పట్టుకుని ఉన్నాను.

ఆ తరువాత ఎనిమిది రోజులు. చివరి రోజుల్లో ఒక సాయంత్రం సహస్ర కళ్లు తెరిచి, "నేను ఇంటికి పోతనా డాడీ?" అని అడిగింది. నేను వజ్రమ్మ వైపు చూశాను. ఆమె తడిగుడ్డ పిండుతూ నా వైపు చూడలేదు. ఆ మాట చెప్పాల్సింది నేనే. "తెల్వది బిడ్డా. నేనైతె ఇక్కడ్నే ఉంట," అన్నాను. సహస్ర "సరే" అని నా వేలు పట్టుకుని పడుకుంది. రెండు రోజులకు, మధ్యాహ్నం, ఆ వేలు వదిలేసింది. లావణ్య వచ్చేసరికి ఆలస్యమైంది. వజ్రమ్మ నన్ను ఓదార్చలేదు. గోరువెచ్చని నీళ్లు తెచ్చి, గుడ్డ నా చేతికిచ్చి, "చెవుల ఎన్కకు గూడ తుడువు," అంది. సూదులు గుచ్చిన చోట ప్లాస్టర్ మరకలు రుద్దకుండా నూనెతో ఎలా తీయాలో చూపించింది. నా బిడ్డకు నేను చేసిన చివరి పని అది. ఆమె లేకపోతే ఆ పని కూడా వేరెవరో చేసి ఉండేవాళ్లు.

ఏడాది తరువాత వజ్రమ్మను వెతుక్కుంటూ ఆసుపత్రికి వెళ్తే, మోకాళ్ల నొప్పులతో పని మానేసి ఊరికి వెళ్లిందన్నారు. రఘునాథపల్లి దగ్గర వాళ్ల ఊరు. బస్సు దిగి అడుగుతూ వెళ్లాను. ఇంటి ముందు పత్తి ఆరబోస్తోంది. నన్ను ఎగాదిగా చూసి, పీట వేసి, "ఏ ఊరు సారూ?" అని అడిగింది.

సహస్ర డాడీని అన్నాను. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. విలన్ వేషం అన్నాను, ఎక్స్‌రే అన్నాను, నల్ల రెక్కలన్నాను. "నేను జేసిన్నా?" అని అడిగింది. "నువ్వే చేసినవ్ వజ్రక్కా. నాకు కుట్లు నేర్పినవ్." "చెప్పు సారూ, యాదికొస్తదేమో," అని పత్తి పక్కకు జరిపి కూర్చుంది. మొదటి నుంచి అంతా చెప్పాను. సిస్టర్ గోడకు ఆనుకున్నదీ, సహస్ర చేయి చాపిందీ చెప్పాను. వజ్రమ్మ కళ్ల నుంచి నీళ్లు కారాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది, యాదికొచ్చిందా అని అడిగాను.

"లేదు సారూ," అంది కొంగుతో ముఖం తుడుచుకుని. "చానమంది పిల్లలు. ఒక్కరి మొఖం గూడ నిలువనియ్యలే నేను. వచ్చిందని చెప్తె నీకు మంచిగుంటది గని, రాలే."

బస్సులో తిరిగి వస్తూ ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను, రాలేదు. పద్నాలుగేళ్లు ఆ పిల్లల మంచాల పక్కన కూర్చున్న మనిషి ఇంకెలా బతుకుతుంది? కానీ ఆ గదిలో ఆ నవ్వు విన్న ముగ్గురిలో ఒకరు మరిచిపోయారు. ఆ సిస్టర్ ఏ ఊళ్లో ఉందో తెలియదు. లావణ్య వినలేదు. ఇక నేనొక్కడినే.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు ఆరేళ్లు దాటాయి. అక్క ఎట్లుండేదని అడుగుతుంది. అప్పుడు దేవుడి దగ్గరుందని, చుక్కైందని చెప్పను. తెలిసింది చెబుతాను, తెలియంది తెలియదంటాను. వజ్రమ్మ నాకు ఇచ్చింది అదే, అది సుఖాన్నిచ్చేది కాదు. మొన్న ఆ పిల్ల, "అక్క ఎట్ల నవ్వేది డాడీ, నవ్వి చూపియ్," అంది. నోరు తెరిచాను. నవ్వు ఎలా మొదలయ్యేదో వచ్చింది. ఎలా ముగిసేదో రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

"మరిచిపోయిన బిడ్డా," అన్నాను.