బ్రేకులా, గేర్లా

తిరుపతిలో లాడ్జీలకు కొదవ లేదు, లాడ్జీల్లో లిఫ్టులకూ కొదవ లేదు, అవి మొరాయించని రోజంటూ లేదు. అందుకే లిఫ్టు మెకానిక్ మునిశేఖర్‌కు పనికి లోటుండదు. బస్టాండు చుట్టుపక్కల ఎక్కడ లిఫ్టు ఆగినా ముందు ఫోను వెళ్ళేది అతనికే. నలభై దాటిన మనిషి, సన్నగా, కాస్త వంగినట్టు ఉంటాడు. మెషిన్ రూముల్లో తల తగలకుండా నడిచి నడిచి ఆ వంపు వచ్చిందని భార్య కోమలి అంటుంది. అతనికున్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువు ఎందుకు పనిచేస్తోందో తెలిసేదాకా మనసు మనసులో ఉండదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో బాగా తిరుగుతున్న మిక్సీని విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన స్క్రూలను చడీచప్పుడు లేకుండా జేబులో వేసుకుని వచ్చేసిన ఘనుడు. ఆ మిక్సీ ఇప్పటికీ తిరుగుతోంది కాబట్టి అల్లుడి మర్యాదకు భంగం రాలేదు.

అలాంటివాడి చేతికి గేర్ల సైకిలు దొరికింది. మెడికల్ కాలేజీలో చదువు ముగించుకుని ఊరు వదిలి వెళ్తున్న ఒకబ్బాయి దాన్ని దాదాపు ఇచ్చేసినట్టే ఇచ్చి వెళ్ళాడు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, వేలు మందాన టైర్లు, అల్యూమినియం ఫ్రేము. దీని మీద కూర్చోవాలా, వేలాడాలా అని వీధిలోవాళ్ళు అడిగారు. మునిశేఖర్ మొదటి వారమంతా తొక్కనేలేదు. దాన్ని తలకిందులుగా నిలబెట్టి, పెడలు తిప్పుతూ, గేరు మారినప్పుడు చైను ఒక చక్రం మీదనుంచి ఇంకో చక్రం మీదికి ఎలా దూకుతుందో చూస్తూ కూర్చున్నాడు. తొక్కడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ జయచంద్ర ఆదివారాలు కొంతమందిని పోగేసుకుని సైకిళ్ళ మీద ఊళ్ళు తిప్పుతుంటాడు. అందులో మునిశేఖర్ కూడా చేరిపోయాడు. కాళహస్తి రోడ్డు, చిత్తూరు రోడ్డు, ఒకసారైతే పక్షులను చూడాలని పులికాట్ దాకా. చదునుగా ఉన్న రోడ్డు మీద ఎవరికీ తీసిపోడు. అతని పరువంతా పోయేది ఒక్కచోటే. చంద్రగిరి, రంగంపేట దాటాక అడవిలో మొదలయ్యే భాకరాపేట ఘాటు రోడ్డు దగ్గర.

ఆ ఘాటును కాలు కింద పెట్టకుండా ఎక్కాలన్నది అతని కోరిక. పైకి చెప్పుకోడు గానీ లిఫ్టు బాగుచేస్తున్నప్పుడు కూడా మనసు అక్కడే ఉంటుంది. ప్రతిసారీ సగం దారిలో మోకాళ్ళు మొండికేస్తాయి. అతని సైకిలు వెనక చక్రానికి ఉన్న పళ్ళచక్రాలన్నీ చిన్నవి, ఎంత తేలిక గేరు వేసినా ఎత్తులో రాయిని తోస్తున్నట్టే ఉంటుంది. ఒకసారి గడ్డిమోపు ఎత్తుకున్న ముసలాయన ఒకడు పక్కనుంచి నడుచుకుంటూ దాటిపోయి, వెనక్కి తిరిగి చూసి, "తోసేదా నాయనా?" అని అడిగాడు. పాపం, మంచితనంతోనే అడిగాడు. మునిశేఖర్‌కు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఏటా దీపావళికి లిఫ్టు కంపెనీ ఇచ్చే బోనసులో సగం ఇంటికి, సగం అతని ముచ్చటకు అని మొగుడూపెళ్ళాల ఒప్పందం. ఆ సగంతో సైకిలుకు ఏదో ఒక్కటే కొనగలడు, తప్పు వస్తువు కొంటే మళ్ళీ ఏడాది ఆగాలి. మోకాళ్ళు మాత్రం ఏడాది ఆగవు. జయచంద్ర చక్రాలు మార్చమన్నాడు, బరువు తగ్గుతుందట. సైకిళ్ళ షాపతను టైర్లన్నాడు, ఎందుకంటే అతని దగ్గర టైర్లున్నాయి. మునిశేఖర్ మనసు మాత్రం గేర్ల మీద ఉంది. వెనక పెద్ద పళ్ళచక్రాలు ఒక గుత్తి, వాటికి తగ్గట్టు చైనును మోసే పొడుగు చేయి ఒకటి. రెండూ కలిపి వేస్తేనే పనిచేస్తాయి, రెంటికీ కలిపి చేతిలో ఉన్నది సరిగ్గా సరిపోతుంది.

అంతా కుదిరిందనుకుంటుండగా బ్రేకులు అడ్డం వచ్చాయి.

వినాయక చవితి వెళ్ళిన ఆదివారం ఘాటు దిగుతూ ఒక మలుపులో బ్రేకు నొక్కితే పట్టలేదు. సైకిలు కంకరలోకి పోయింది. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు. ఇంటికొచ్చాక కోమలి గాయాలు కడిగి, మందు రాసి, ఒక్క మాటే అంది. "కొత్త బ్రేకులు ఏపిస్తేనే ఆ కొండకు పొయ్యేది మామా. లేదంటే దీన్ని పాతసామాన్లోడికి తూకానికి ఏసేస్తా." కోమలి ఇంట్లో కుట్టుమిషను తొక్కుతూ సగం వీధికి జాకెట్లు కుట్టే మనిషి. కొలత తీసుకుందంటే మళ్ళీ మార్చదు, మాట కూడా అంతే.

బ్రేకులు కొంటే గేర్లు లేవు. గేర్లు కొంటే ఘాటు లేదు. మునిశేఖర్ ముందు బ్రేకు రబ్బర్లు మార్చాడు, వాటి ఖరీదెంతని. కేబుళ్ళు మార్చాడు. అయినా ఆదివారం వచ్చేసరికి బ్రేకు జారుతూనే ఉంది, పైగా ముందుకంటే ఎక్కువ జారుతోంది. వింత ఏమిటంటే బుధవారం పొద్దున పనికి వెళ్ళేలోపు చంద్రగిరి దాకా ఒక చుట్టు వేసినప్పుడు అదే బ్రేకు గట్టిగా పట్టేది.

ఇక చూడండి మన మనిషి సంబరం. వీధిలో ఇంకొకడైతే బ్రేకులు పాడయ్యాయని కొత్తవి కొనుక్కునేవాడు. ఇతనికి మాత్రం కొరకడానికి చెరుకుగడ దొరికినట్టయింది. వాలు వల్ల జారుతోందేమోనని ఒక బుధవారం సెలవు పెట్టి మరీ ఘాటుకు ఇవతలే ఒక వాలులో దిగి చూశాడు. పట్టింది. మంచు వల్లనేమోనని ఆదివారం ఎండెక్కాక ఇంటి ముందే నొక్కి చూశాడు. జారింది. వాలూ కాదు, మంచూ కాదు. వారం చూసుకుని పట్టే బ్రేకు లోకంలో ఎక్కడైనా ఉందా అని జయచంద్రను అడిగితే, ఆయన ఎంతో ఆలోచించి, సైకిలుకు జాతకం చూపించమన్నాడు.

శనివారం సాయంత్రం కోమలి కూరగాయలకు వెళ్ళినప్పుడు మునిశేఖర్ లిఫ్టు పనికి వాడే తెల్లగుడ్డతో చక్రం రిమ్మును తుడిచాడు. గుడ్డ పసుపుపచ్చగా మారింది. అల్యూమినియం తుప్పు పసుపుగా ఉండదే అనుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె వాసన వచ్చింది.

శుక్రవారం అతను లేవకముందే కోమలి స్కూటరుకూ సైకిలుకూ పసుపు కుంకుమ పెడుతుందని అతనికి తెలుసు. హ్యాండిలు మీది బొట్టును రోజూ చూస్తూనే ఉన్నాడు. కానీ ఆమె పూజకు ముందు కొబ్బరినూనె గుడ్డతో చక్రాలను తళతళలాడేలా తుడిచి, అంచు చుట్టూ పసుపు రాస్తుందని తెలియదు. శుక్రవారం రాసిన నూనె ఆదివారం తిరుగుడులో బ్రేకు రాపిడికి అరిగిపోతుంది, బుధవారానికి రిమ్ము శుభ్రం, మళ్ళీ శుక్రవారం. లిఫ్టు బ్రేకు డ్రమ్ము మీద చుక్క నూనె పడితే బ్రేకు జారుతుందని ఇరవై ఏళ్ళుగా కుర్రవాళ్ళకు పాఠం చెప్పేవాడు, తన గుమ్మంలో జరిగేదాన్ని పట్టుకోవడానికి దీపావళి దాకా ఆగాడు. దేవుడికి చేసేదాంట్లో నూనె వెతకాలని ఎవరికి తడుతుంది?

ముందు గంతులేసినంత పనిచేశాడు. బ్రేకులు బాగున్నాయి, గేర్లు కొనేయవచ్చు. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. పడకముందు బ్రేకు కొంచెమే జారేది. పడ్డాక ఎక్కువైంది. అంటే అతను పడ్డాక కోమలి భయంతో మరింత నూనె, మరింత పసుపు రాసింది. గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక ఉపాయం ఉంది, నిజానికి తేలికైన ఉపాయం. ఉన్న బ్రేకులనే తోమి కొత్తవని చెప్పి, వారం వారం ఆమె చూడకుండా రిమ్ములు తుడుచుకుంటే చాలు. రెండు రోజులు ఆ ఆలోచనతో తిరిగాడు. కారణం దొరికాక దాన్ని దాచుకునే అలవాటు అతనికి ఎన్నడూ లేదు, అందులోనూ కోమలి దగ్గర అసలు లేదు. సోమవారం సాయంత్రం ఆమె మిషను ఆపేదాకా కూర్చుని, గుడ్డ చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

కోమలి గుడ్డను చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"కాపాడమని పూసినా మామా," అంది. "ఐతే పడేసింది నేనేనా?"

"నువ్వు కాదు, నూనె," అన్నాడు మునిశేఖర్. కొన్ని సమయాల్లో మగవాడు నోరు మూసుకుని ఉండటం మంచిది, ఈ సంగతి మాత్రం అతను ఏ మెషిన్ రూములోనూ నేర్చుకోలేదు. కోమలి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అతను టిఫిను తింటుంటే ఆమే వచ్చి, "యాడ పట్టుకుంటాది బ్రేకు, సూపీ," అంది. అతను సైకిలును తలకిందులు చేసి, ముందు చక్రం రిమ్మును ఒక సగం శుభ్రంగా తుడిచాడు. రెండో సగానికి ఆమె ఎప్పటిలాగే నూనె రాసింది. అతను చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే ఆమె బ్రేకు మీద వేళ్ళు ఆనించి పట్టుకుంది. తుడిచిన భాగం వచ్చినప్పుడు చక్రం గుర్రుమని ఆగబోయేది, నూనె భాగం వచ్చినప్పుడు జర్రున జారేది. ఆమె చేతికి ఆ తేడా తెలిసింది. ఇంకోసారి తిప్పమంది. మళ్ళీ ఇంకోసారి. అతనికి పనికి ఆలస్యమవుతోంది, అయినా తిప్పుతూనే ఉన్నాడు, ఎందుకంటే ఆ మొహంలో ఏముందో అతనికి బాగా తెలుసు. మిక్సీ విప్పిన రోజు తన మొహంలోనూ అదే ఉండి ఉంటుంది. చివరికి ఆమె రిమ్మంతా సర్ఫు నీళ్ళతో తనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బ్రేకు నొక్కి చూసుకుంది. గట్టిగా పట్టింది. చెయ్యి తుడుచుకుంటూ, "ఆ గేర్లే కొనుక్కో పో," అంది.

కార్తీకంలో ఒక ఆదివారం మునిశేఖర్ భాకరాపేట ఘాటు ఎక్కాడు. కొత్త పళ్ళచక్రాలను తనే బిగించుకున్నాడు, ఈసారి స్క్రూలేవీ మిగల్లేదు. అన్నిటికంటే పెద్ద చక్రం మీద చైను వేసుకుని, నడిచేవాడికంటే కొంచెమే వేగంగా, గింజ తినే కోడిలా తల ఊపుకుంటూ పోయాడు. గేరు ఎక్కడ తేలికవుతోంది, ఊపిరి ఎక్కడ బరువవుతోంది అని చూసుకుంటూ ఎప్పుడు సగం దాటాడో కూడా గమనించలేదు. కాలు కింద పెట్టలేదు. పైకి చేరాక పిట్టగోడ మీద కూర్చుని, నీళ్ళు తాగి, ఎక్కివచ్చిన రోడ్డును చూసి కడుపారా నవ్వుకున్నాడు. జయచంద్ర చెయ్యి కలిపి, "సాధించినావు కదప్పా శేఖరా," అన్నాడు. తిరుపతి వచ్చేదాకా దారంతా ఈ సంగతి కోమలికి ఎలా మొదలుపెట్టి చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి కోమలి గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో హుక్కులు కుట్టాల్సిన జాకెట్టు, చేతిలో దారం ఎక్కించని సూది. అతను సైకిలు దిగి నోరు తెరవబోయాడు.

"పట్టిందా?" అంది.

"ఏంది?"

"బ్రేకు."

"పట్టింది."

"అన్ని మలుపుల్లోనా?"

"అన్నిట్లోనూ."

కోమలి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని అతనికి కాసేపటికి గానీ తెలియలేదు. ఆమె ఆ ఘాటును ఎన్నడూ చూడలేదు. ఆమె మనసులో ఉన్న ఘాటుకు ఎక్కేదారి లేదు, దిగేదారి ఒక్కటే ఉంది. ఆ దారిలో అతను పొద్దుటినుంచీ దిగుతూనే ఉన్నాడు.

మునిశేఖర్ సైకిలును గోడకు ఆనించి ఆమె పక్కన కూర్చున్నాడు. పై మలుపు నుంచి మొదలుపెట్టి, ఎక్కడ కోతులు అడ్డం వచ్చాయో, ఎక్కడ లారీకి దారిచ్చాడో, ఎక్కడెక్కడ బ్రేకు నొక్కాడో వరసగా చెప్పాడు. ఆమె మధ్యమధ్యలో ఆపి అడిగింది, అతను మళ్ళీ చెప్పాడు. ఎక్కిన సంగతి ఆమె ఆ పూట అడగలేదు, అతనూ చెప్పలేదు.