కత్తిపీట మీద కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుము వదులుతుందని మా పక్క నమ్మకం. అందుకే మా జాలర్ల వీధిలో ఎవరికి నడుం పట్టినా వచ్చి మా గుమ్మంలో బోర్లా పడుకుంటారు. నేను ఊరికే కాలు పెట్టను. ఏం చేస్తుంటే పట్టిందో చెప్పాల్సిందే. ఒకాయనకు గ్యాస్ బండ ఎత్తితే, ఒకావిడకు వంగి ముగ్గేస్తుంటే, ఇంకొకాయనకు వట్టి తుమ్ముకే! తుమ్ముకీ నడుముకీ సంబంధమేమిటని నాకు రెండ్రోజులు అదే ఆలోచన.

చివరికి మా అత్తకే పట్టింది. ఆమె వన్ టౌన్ మార్కెట్లో చేపలమ్ముతుంది. నా కాలు మాత్రం వద్దంది. కోడలి కాలు తగిలించుకునే రోజు ఇంకా రాలేదట. ఆమె ఒక్క పూట మానేస్తే చాలు, పక్కనావిడ ఐసు పెట్టె మా చోటులోకి జరిగేది. మార్కెట్లో పోయిన చోటు తిరిగి రాదు. అత్తకు నొప్పి కంటే ఆ బెంగే ఎక్కువ. కండరం కావచ్చు, డిస్కు కావచ్చు, కీళ్లు కావచ్చు, ఏ పని చేస్తుంటే వస్తోందో ముందు చూసుకోండి అన్నాడు డాక్టరు. చేపల తట్ట బరువే అంది అత్త. ఇంట్లో అందరిదీ అదే పాట.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు తట్ట నేనే ఎత్తి ఆటోలో పెట్టి, మార్కెట్లో ఆమె పక్కనే కూర్చున్నాను. అయినా కళుక్కుమంటూనే ఉంది. మరి తట్ట కాకపోతే ఏమిటి? పొద్దెక్కేదాకా కళ్లప్పగించి చూశాను. కత్తిపీట కదలకుండా ఒక పాదంతో తొక్కిపట్టి చేప కోస్తుంది. ఐసు పెట్టె వీపు వెనక. ఇంకో చేప కావాలంటే కాలు తియ్యదు, లేవదు. నడుము మాత్రం వెనక్కి మెలితిప్పి పెట్టెను ఒంటిచేత్తో లాగుతుంది. చెయ్యి నడుం మీదికి పోయేది సరిగ్గా అప్పుడే. దొరికిందిరా బాబూ అని ఎంత సంబరమేసిందో! చెబితే మండిపడింది.

"నువ్వు పుట్టకముందు నుంచి ఇలగే కూకున్నాను. నువ్వొచ్చి నేర్పుతావేటి?"

నేనూ తగ్గలేదు. పెట్టెను తెచ్చి, మెలి తిరక్కుండా అందేలా ఆమె ముందు పెట్టాను. గొణుక్కుంటూనే వారమంతా పనిచేసింది, ఒక్క పూటా మానలేదు. కళుక్కులు తగ్గాయి. కారణం అదొక్కటేనా అని నాకింకా అనుమానమే. తగ్గిందని మాత్రం నాతో ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం, తను మానేసిన పూటల్లో మా చోటులోకి జరిగిన పెట్టె తియ్యమని అత్త పక్కనావిడను గట్టిగా అడిగింది. ఆవిడ కత్తిపీట మీద కాలు అలాగే ఉంచి, మెలి తిరిగి లాగబోయి, నడుం పట్టుకుని ఆగిపోయింది. ఒకసారి కాలు తగిలించమ్మా అని నన్ను బతిమాలింది. నేను లేవబోతుంటే అత్త ఆపింది.

"దాని కాలెందుకు? ముందు కత్తిపీట మీంచి నీ కాలు తియ్యి. లెగిసి, ఆ పెట్టి నీ సోటులోకి లాక్కో."