అక్క చేపలకు పాచి నీళ్లు

ఆ రోజుల్లో ఇళ్లకు టెలిఫోన్లు వచ్చేశాయి గాని, ఫోన్లో విన్న మాటను విన్నట్టుగా ఇంకొకరికి చెప్పే తెలివి మాత్రం ఇంకా రాలేదు. (ఇప్పుడు వచ్చిందని నేననడం లేదు.) ఇవాళ చేపల తొట్టిలో నీళ్లు మార్చాలంటే అరచేతిలోనే కావలసినన్ని వీడియోలు దొరుకుతాయి. అప్పుడు మాకు దొరికింది బస్టాండు పక్కన చేపలమ్మే షాపాయన ఒక్కడు, ఆయన మాటను మోసుకొచ్చే మా బావ ఒక్కడు, ఆ ఇద్దరి మాటా నమ్మని నేనొకదాన్ని. ఖమ్మంలో మా అక్క ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అందులోనూ జువాలజీ. కాబట్టి ప్రాణమున్న వాటన్నిటి విషయంలో చివరి మాట నాదేనని అనుకునేదాన్ని. ప్రాణం లేనివాటి విషయంలోనూ అలాగే అనుకునేదాన్నని బావ అంటాడు. ఆయన నాకు పెట్టిన పేరు 'ప్లీడరమ్మ'. తిట్టని ఆయన అనుకున్నాడు, బిరుదని నేననుకున్నాను. ఇద్దరం సుఖంగానే ఉన్నాం.

అక్కకు పెళ్లయిన కొత్తలో బావ ముచ్చటపడి కొన్న గాజు తొట్టి అది. అందులో నాలుగు ఎర్ర గోల్డ్‌ఫిష్‌లు, పొట్ట ఉబ్బిన ఒక నల్ల మాలీ. అక్క వాటిని కంటికి రెప్పలా చూసుకునేది. తొలి కాన్పుకు దమ్మపేటలో మా అమ్మ దగ్గరికి పోతూ నా చెయ్యి పట్టుకుని, "నేనొచ్చేదాక వీటికి నువ్వే తల్లివి. ఒక్కటి తగ్గినా ఊరుకోను" అంది. అంతటితో ఆగినా బాగుండేది. పక్కనే ఉన్న అత్తమ్మ (బావ వాళ్లమ్మ, నేనూ అలాగే పిలిచేదాన్ని) గొంతు తగ్గించి, "కడుపుతోటి ఉన్న ఇంట్ల నీళ్లల్ల ప్రాణి పోవద్దంటరు బిడ్డా" అనేసింది. అక్క మొహం తెల్లబోయింది. కారు సందు దాటేదాకా కిటికీలోంచి నన్నే చూస్తూ పోయింది. ఆ చూపు నా మెడకు కట్టిన గుదిబండ. ఆ మూఢనమ్మకం మీద అత్తమ్మతో ఒక పూటంతా వాదించాను గాని, పొద్దున లేవగానే మొహం కూడా కడక్కుండా చేపలు లెక్కపెట్టుకునేదాన్ని.

అక్కకు నెలలు నిండేసరికి ఇక్కడ తొట్టి నిండా పచ్చదనం నిండింది. గాజు మీద పాచి, రంగురాళ్ల మీద పాచి. చేపలు పెసరపప్పు చారులో ఈదుతున్నట్టు కనబడుతున్నాయి. బావ షాపుకు ఫోన్ చేశాడు. ఆ, ఆ, అవ్, అవ్ అని విని, పెట్టేసి తీర్పు చెప్పాడు: "పాచి తియ్యాలంట. తీసి, సగం పాచి నీళ్లు పొయ్యాలంట."

ఆ ఒక్క మాటతో మా ఇల్లు మూడు ముక్కలైంది. ఆ షాపు పెద్దమనిషి చెప్పదలచుకున్నది (ఇది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది) పచ్చటి నాచు గోకి, సగం నీళ్లు తోడేసి, ముందురోజే బకెట్లో పట్టి నిలవ ఉంచిన నీళ్లు పోయమని. నిలవ ఉంటే నల్లా నీళ్లలోని బ్లీచింగ్ ఘాటు పోతుంది. కాని మాకందిన వాక్యంలో రెండు పాచులున్నాయి.

"పాచి తీసి మళ్ల పాచే పొయ్యుడేంది? నువ్వు తప్పు విన్నవ్ బావా" అన్నాను.

"నా చెవులకు నీ సర్టిఫికెట్ అక్కర్లే."

"పాచి నీళ్లు బర్రెగ్గూడ పెట్టను నేను. దప్పికైన ప్రాణికి నిన్నటి నీళ్లు పోస్తమా? మనం మనుషులమేనా?" అని అత్తమ్మ.

"చేపకు దప్పికేంది అత్తమ్మా, అది ఉండేదే నీళ్లల్ల!"

"నువ్వుండేది గాలిల్నే కదా, మరి ఉక్కపోస్తే విసనకర్ర ఎందుకే?"

దీనికి జవాబు కోసం నేను జువాలజీ పుస్తకం తెచ్చి తిరగేయసాగాను.

ముందు పాత నీళ్లు తీయడం. బావ పొలంలో మందు కొట్టే పంపు పైపు పట్టుకొచ్చాడు. "అది పురుగుమందు పైపు! చేపల్ని బతికిస్తవా, మిరపతోటనుకున్నవా?" అని నేను వీధి వినేలా అరిస్తే, వెనక్కి పోయి దవాఖానా నుంచి కొత్త సెలైన్ పైపు అడిగి తెచ్చాడు. అది నూలుపోగంత సన్నం. రోగికి గ్లూకోజు ఎక్కించినట్టు మా తొట్టికి దించుతూ కూర్చున్నాం. బకెట్ అడుగు తడిసేసరికే అత్తమ్మకు ఒక కునుకు పూర్తయింది. చివరికి బావ తోటకు నీళ్లు పట్టే లావు పైపు ముక్క తెచ్చి, "కాల్వ కట్ట మీంచి నీళ్లు గుంజినోన్ని, నాకు చెప్తున్నవా" అంటూ ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. నేను గాలి పీడనం గురించి చెబుతూనే ఉన్నాను, నీళ్లు వచ్చేశాయి. ముందు ఆయన నోట్లోకే వచ్చాయి.

"ఎట్లుంది బావా?"

పెరట్లో ఉమ్మి, మూతి తుడుచుకుని, "మీ అక్క చారు లెక్కనే ఉంది. ఉప్పు తక్కువ" అన్నాడు.

మేమిద్దరం నవ్వుకుంటూ పైపు కడుగుతుండగా, అత్తమ్మ తాను నమ్మిన ధర్మం ప్రకారం తళతళలాడే బిందెతో అప్పుడే పట్టిన నల్లా నీళ్లు తెచ్చి తొట్టి నింపేసింది. ఆ రోజు నీళ్లలో బ్లీచింగ్ వాసన గుమ్మం దాకా కొడుతోంది. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి గుటకలు వేయసాగాయి. నల్ల మాలీ ఒక పక్కకు ఒరిగింది. అత్తమ్మ బిందె అక్కడే వదిలి దేవుడి గూటి ముందు కూలబడింది. "నా కోడలు... నా చేతులతోని..." అంటూ దండాలు పెడుతోంది. నేను వాదన మరిచిపోయాను. దమ్మపేటలో అక్క ఎలా ఉందోనన్న మాట నా నోట్లోంచి వచ్చిందంటే, ఆ మూఢనమ్మకం నాకూ అంటుకుందన్నమాటే.

బావ మాత్రం, "పాచి నీళ్లంటే పాచి ఉన్న నీళ్లే, ఇంకేముంటది!" అని రెండు క్యాన్లు స్కూటర్‌కు కట్టుకుని ముదిగొండ రోడ్డు పట్టాడు. మా పొలం పక్క కుంటలో నీళ్లు వానలకు పచ్చగా నిండి ఉన్నాయట. మేము ఆ చేపల్ని గిన్నెలోకి తీసి విసనకర్రతో విసురుతూ (ఎందుకో అడగకండి) కూర్చున్నాం. బావ వచ్చి, నల్లా నీళ్లు పారబోసి, ఆ పచ్చనీళ్లు నింపాడు. చూస్తుండగానే చేపలు తేరుకున్నాయి. మాలీ కూడా నిటారుగా నిలబడింది. బావ ఖాళీ క్యాన్లను నా ముందే బోర్లించి, ఈల వేసుకుంటూ పోయాడు.

కొన్నాళ్లకు ఆయన గెలుపును దాటే వార్త నాకు దొరికింది. ఒక పొద్దున గాజు మూలన నల్లగా, తోకలాడిస్తూ బుల్లి ప్రాణులు! మాలీ నల్లది, దాని పొట్ట ఉబ్బి ఉంది, అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, పిల్లలు నల్లగా ఉన్నాయి. ఇంతకంటే శాస్త్రీయంగా ఎవరైనా ఆలోచించగలరా? "మాలీ ప్రసవించింది!" అని ప్రకటించాను. ఎర్రచేపలు మింగకుండా వాటిని పెద్ద గాజు సీసాలోకి మార్చి, ఉడికిన గుడ్డు సొన నలిపి పెట్టి, సాక్షాత్తూ మంత్రసానినైపోయాను.

"చేప కన్నందుకు మనకు పురుడుంటదా బిడ్డా? దీపం పెట్టొచ్చా?" అని అత్తమ్మ సందేహం.

"దాని గోత్రం వేరు అత్తమ్మా, పెట్టుకో."

"నా ఇంట్ల పుట్టినయి, నా గోత్రమే" అన్నాడు బావ, మీసం దువ్వుతూ.

దమ్మపేటకు ఫోన్ చేసి చెబితే అక్క సంతోషంతో ఏడ్చింది. "అయితే నాకు గూడ మంచిగైతదే" అంది. ఆ వారమే ఆడపిల్లను కన్నది, ఇద్దరూ క్షేమం. ఊళ్లో చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ తన బిడ్డ కంటే ముందు మాలీ పిల్లల సంగతి చెప్పిందట.

బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక ఖమ్మంలోనే చేయాలని అత్తమ్మ పట్టుబట్టడంతో, నెల దాటగానే అక్క ప్రయాణం ఖాయమైంది. సరిగ్గా అప్పుడే ఒక పొద్దున అత్తమ్మ సీసాలోకి తొంగిచూసి, "పిల్లా, గీ చేపకు కాళ్లొచ్చినయే" అంది.

"కాళ్లు కాదు, రెక్కలు. లేత రెక్కలు గట్లనే కనబడతయి."

"మోకాళ్లున్నయే."

చూశాను. ఉన్నాయి. కప్ప జీవితచక్రం బొమ్మను నీడలతో సహా గీసి లెక్చరర్ చేత శభాష్ అనిపించుకున్న నేను, కుంటలో నుంచి బావతో పాటు వచ్చిన తోకకప్పలకు గుడ్డు సొన తినిపించి పెంచాను. "పరిణామక్రమం" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. జీవితంలో నేను మింగేసిన కొద్ది వాదనల్లో అదొకటి.

అక్క వచ్చింది. గుమ్మంలో హారతి ఇవ్వగానే పిల్లను బావ చేతుల్లో పెట్టి, చెప్పులతోనే తొట్టి దగ్గరికి పరుగెత్తింది. గాజుకు మొహం ఆనించి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయి, "అన్నీ ఉన్నయే... అన్నీ ఉన్నయ్" అని కొంగుతో కళ్లొత్తుకుంది. కాన్పు గదిలో కూడా వీటి ధ్యాసే ఉందట. అత్తమ్మ ఆమె తల నిమురుతూ, "నా పాడు నోరు" అని గొణిగింది.

"మాలీ పిల్లలేవి?" అంది అక్క.

"ప్లీడరమ్మా, హాజరుపరుచు" అన్నాడు బావ.

గుడ్డ కప్పిన సీసా తెచ్చి, "అక్కా, ముందుగాల నువ్వొక సంగతి అర్థం చేసుకోవాలె" అని మొదలుపెట్టాను. గుడ్డ తీశానో లేదో, తోక ఇంకా పూర్తిగా రాలని ఒక చిన్న కప్ప ఎగిరి హారతి పళ్లెంలో పడింది. రెండోది బావ భుజం మీదికి దూకింది. అక్క ఒక్క క్షణం చూసి, నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు పసిది లేచి కేరుమంది. బావ పిల్లనూ కప్పనూ ఒకేసారి పట్టుకోలేక గుండ్రంగా తిరుగుతున్నాడు. నేను ఇంకా వివరిస్తూనే ఉన్నాను. అత్తమ్మ పళ్లెంలోని కప్పను దోసిట్లోకి తీసుకుని, "నవ్వకుండ్రి. కప్పతల్లే ఇది. వాన తెస్తది. ఆడపిల్ల గడప దాటంగనే ఎదురొచ్చింది, ఇంతకంటే శుభమేం గావాలె?" అని దానికీ కాస్త పసుపునీళ్లు చిలకరించింది. మర్నాడు బావ వాటన్నిటినీ కుంటలో వదిలి వచ్చాడు. వెళ్లే ముందు అత్తమ్మ ఆయన చేత సీసాకు దిష్టి కూడా తీయించింది.

ఇప్పుడు మా ఇంట్లోనూ ఒక తొట్టి ఉంది. రబ్బరు బుడ్డి నొక్కితే చాలు, పైపులోకి నీళ్లు వాటంతటవే వస్తాయి. ఎవరి నోటితోనూ పని లేదు. బ్లీచింగ్ విరగడానికి చుక్కల మందుంది. వాదించుకోవడానికి ఒక్క మాటైనా దొరక్కుండా పని అయిపోతుంది. అప్పుడు అలవాటు చొప్పున చేపల వైపు తిరిగి, "నేను చెప్పింది తప్పా?" అంటాను. అవి నోరు తెరుస్తాయి, మూస్తాయి. అప్పటి ప్లీడరమ్మయితే, అవి ఒప్పుకుంటున్నాయని ఊరంతా చాటేది. ఇప్పటి నేను, వాటికి ఆకలేస్తోందేమోలే అని కాస్త మేత చల్లుతాను.